లాక్ కాని కథ

“సంతకానికి చెయ్యి రావడం లేదా వదినా, మనసు రావడం లేదా?” అన్నాడు కామా.

“రెండూ వస్తాయి. ముందు చదవనీ,” అంది ఆమె.

“ఒక్క పేజీ వదినా! పొద్దుట్నుంచీ అదే పేజీ!”

“మా బడిలో పిల్లలూ ఇలాగే అంటారు. ఒక్క పేజీయే కదా అని, సరిగ్గా ఆ పేజీలోనే తప్పుతారు.”

సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజర్ నవ్వాడు. నవ్వొచ్చో లేదో తేల్చుకోకుండా మొదలుపెట్టిన నవ్వు. సగంలోనే కాఫీ కప్పులోకి దిగిపోయింది.

అతను కూర్చున్నది ఆమె భర్త కుర్చీలో. ఇంట్లో వేరే కుర్చీలు లేక కాదు. పోయిన రచయిత కుర్చీలో కూర్చుంటే ఆ రచయిత తరఫున మాట్లాడే హక్కు కూడా సంక్రమిస్తుందనుకున్నాడో ఏమో, గుమ్మం దాటీ దాటకముందే తిన్నగా వచ్చి అందులో కూలబడ్డాడు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద మడతలు పెట్టి దోపిన కాగితాలు ఆయన రాసిన సినిమా స్క్రిప్టు మూడో వెర్షన్. “నిర్మాతగారు వెనక్కి పంపినవాటిల్లో ఇదొక్కటే అక్కరకొచ్చింది,” అనేవాడు ఆయన. ఇప్పుడు మేనేజర్ బరువు కూడా అదే మోస్తోంది.

లోపలి గదిలోంచి ఎవరో మగమనిషి వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు వస్తోంది. హాల్లో ఉన్న ముగ్గురిలో ఎవరూ అటు తిరిగి చూడలేదు.

ఆ ఏడుపు కొత్తది కాదు. ఆయన సంతాప సభలో నిర్మాత మైకు పట్టుకుని ఏడ్చిన ఏడుపు. పలకరింపుకొచ్చినవాళ్ళెవరో ఎక్కించి పెడితే ఆ వీడియో అత్తగారు తన ఫోన్లో దాచుకుంది. లేచింది మొదలు అదే పెట్టుకుని వింటుంది. ఆవిడకు చెవుడు, అందుకని గొంతు పెద్దది చేసి పెడుతుంది. అయితే ఆ చెవుడు కూడా మనిషిని బట్టి, మాటను బట్టి. కూరలో ఉప్పెక్కువైందని కోడలు వంటింట్లో తనలో తాను గొణుక్కున్నా వినబడుతుంది. “మందులు వేసుకున్నారా అత్తయ్యా” అని పక్కన నిలబడి అరిచినా వినబడదు.

ఆయన పోయాక ఈ ఇంట్లో ఎక్కువగా వినబడే గొంతు ఆ నిర్మాతదే. మొదట్లో ఆమె వంటింటి తలుపు వేసుకునేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. గడియారం టిక్కుటిక్కులా అదీ చెవికి ఆనడం మానేసింది.

“వినవే, విను,” అనేది అత్తగారు. “కన్నతల్లిని, నేనేడిస్తే వింతేముంది? పరాయివాడు, వాడెలా ఏడ్చాడో చూడు. నువ్వేమో బెంచీ ఎక్కించిన పిల్లలా బిగుసుకుపోయావు. కంట్లో చుక్క లేదు.”

నిజమే. ఆ రోజు ఆమె ఏడవలేదు. నిర్మాత నల్లకళ్ళద్దాలు తియ్యకుండా, అద్దాల కిందనుంచి రుమాలు దూర్చి తుడుచుకుంటుంటే, ఆ రుమాలు తడవడం లేదన్న సంగతి మీదే ఆమె చూపు నిలిచిపోయింది. భర్త పోయిన బాధలో కూడా ఎదుటివాడి రుమాలు పొడిగా ఉందని పట్టుకునే తన బుద్ధి మీద ఆమెకు అసహ్యం వేసింది. ఆ రుమాలు మీద అంతకంటే ఎక్కువ వేసింది.

“ఇక్కడ,” అంది ఆమె, కాగితం మీద వేలు పెట్టి. “‘రచయిత ఆకస్మిక మరణం వల్ల రచన మధ్యలో నిలిచిపోయినందున’ అని రాశారు.”

“అవును మేడమ్.”

“బస్సు నిలిచిపోతుంది. వాన నీళ్ళు నిలిచిపోతాయి. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా వాటంతటవే. ఇది నిలిచిపోయిందా, మీరు నిలిపేశారా?”

“అది లాయరుగారి భాషండీ.”

“తెలుగులోనే ఉంది కదా.”

మేనేజర్ కామా వైపు చూశాడు. ‘నువ్వు చెప్పావు కదయ్యా, పదినిమిషాల పని అని’ అన్నట్టుంది ఆ చూపు.

కామా ఆమె మరిది. ఆ పేరు అన్నగారు పెట్టింది. ఆయన రాసిన ప్రతి వెర్షనూ తమ్ముడు ఒకసారి పట్టుకెళ్ళి, నాలుగైదు కామాలు పెట్టి తెచ్చి, “కొంచెం పాలిష్ చేశాను అన్నయ్యా” అనేవాడు. “వీడికి ఫుల్‌స్టాప్ పెట్టే ధైర్యం లేదు, అందుకని కామాలు పెడతాడు,” అని ఆయన నవ్వేవాడు. ఆ నవ్వులో ప్రేమే ఉండేది. కానీ పేరు మాత్రం వీధి చివరిదాకా పాకింది. పాలవాడు కూడా ‘కామా బాబు’ అనేవాడు.

“మేడమ్, మీకు మా ఫీల్డు సంగతులు తెలియవు కాబట్టి చెబుతున్నాను,” అని మేనేజర్ కప్పు కింద పెట్టాడు. “సినిమాకి రాసేవాళ్ళకి డబ్బు ఒక్కసారే ఇచ్చెయ్యరండీ. దశలుంటాయి. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు కొంత. ఏ సీను తర్వాత ఏ సీనో వరసగా రాసిస్తే, దాన్ని వన్‌లైన్ ఆర్డర్ అంటాం, అప్పుడు కొంత. మాటలతో సహా మొత్తం రాసిస్తే అది డైలాగ్ వెర్షన్, దానికి కొంత. ఈ మూడూ మీవారికి అందాయి. అందలేదని మీరూ అనరు.”

“అనను.”

“నాలుగోది లాక్. అంటే, ఇది పూర్తయింది, ఇక దీన్ని ముట్టుకోనక్కర్లేదు అని నిర్మాత చెప్పడం. చెప్పిన రోజు నాలుగో భాగం. షూటింగ్ మొదలైన రోజు ఐదోది, ఆఖరుది. ఇదీ పద్ధతి. ఏం చేస్తాం, మా సార్ లాక్ చెప్పేలోపే ఆయనగారు…”

మిగతా మాట పూర్తి చెయ్యకుండా అతను కళ్ళు దించుకున్నాడు. అలా ఎక్కడ దించుకోవాలో అతనికి బాగా అలవాటు.

ఆమె చెప్పనిచ్చింది. తెలిసిన సంగతే. ఆయన భోజనం దగ్గర ఎన్నిసార్లు చెప్పాడో. “ఇల్లు కట్టే మేస్త్రికి పునాదికింత, గోడలకింత, కప్పుకింత అని ఇస్తారు చూడు, అదే ఇది. కాకపోతే వీళ్ళు ఇంట్లో చేరి, కాళ్ళు చాపుకుని పడుకుని, ‘మేస్త్రీ, ఇంకా ఇది ఇల్లులా అనిపించడం లేదయ్యా’ అంటారు.”

డైలాగ్ వెర్షన్ ఇచ్చాక ఆయన మళ్ళీ రాశాడు. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ రాశాడు. నిర్మాత ప్రతిసారీ పొగిడాడు. అదిరిందన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదన్నాడు. మా ఆవిడ చదివి కళ్ళు తుడుచుకుందన్నాడు. నిఘంటువులో ఉన్న మెప్పుమాటలన్నీ వాడాడు గానీ, ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. ఆ మాట అంటే చెక్కు రాయాలి. దాని బదులు అతనికి వేరే మాట ఉండేది. “దగ్గర్లో ఉంది.”

ఆ మాట ఈ ఇంట్లో సామెత అయిపోయింది. అన్నం ఉడికిందా అంటే దగ్గర్లో ఉంది. ఆఖరికి ఆస్పత్రి మంచం మీద, ఎలా ఉందండీ అని ఆమె అడిగితే, “దగ్గర్లో ఉంది,” అన్నాడు ఆయన. ఆమె ఆయన్ని కోప్పడింది. ఆయన నవ్వాడు. ఆ తర్వాత ఆయన పెద్దగా మాట్లాడింది లేదు.

“లాక్ అయిందని రాతపూర్వకంగా ఇవ్వాలా?” అంది ఆమె.

“నోటితో అన్నా చాలండీ. ఒప్పందంలోనే ఉంది. ‘నోటితో గానీ రాతతో గానీ’ అని.”

“అవును. మావారు రాతతోనే ఉండాలని అడిగారు.”

“గుర్తుంది. మా సార్ ఎంత నొచ్చుకున్నారనుకున్నారు! ‘నా నోటిమాట కంటే కాగితం గొప్పదా?’ అన్నారు. ఆయన మాటంటే మాటేనండీ. అందుకే నోటితో అని కూడా రాయించారు.”

ఇది మేనేజర్ గర్వంగానే చెప్పాడు.

ఆమె కాగితంలో కిందికి వచ్చింది. రచన మధ్యలో నిలిచిపోయిందని రచయిత భార్యగా ఆమె ఒప్పుకుంటున్నట్టు ఉంది. మిగిలినది నిర్మాత తన ఇష్టం వచ్చినవారితో పూర్తి చేయించుకోవచ్చునని ఉంది. పోయినాయన పేరు తెర మీద ‘మూల ఆలోచన’ అనే మాట కింద వేస్తారట. అన్నిటికంటే కింద, మానవతా దృక్పథంతో కుటుంబానికి కొంత సొమ్ము.

“మూల ఆలోచన,” అని ఆమె పైకి చదివింది. “ఇన్నేళ్ళు ఆయన ఆలోచిస్తూ కూర్చున్నారన్నమాట. నేనేమో రాస్తున్నారనుకుని కాఫీలు పెట్టాను.”

“వదినా, వెటకారాలకిది సమయం కాదు.”

“కాదు. సరే, సూటిగా అడుగుతాను. పూర్తి చేసేదెవరు?”



లోపల వీడియో అయిపోయినట్టుంది, ఏడుపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో వంటింట్లో పంపు చుక్కచుక్కగా కారడం వినబడింది. కామా దాన్ని బాగు చేయిస్తానని అన్న ఉండగానే మాటిచ్చాడు.

“బయటివాళ్ళెందుకని,” అన్నాడు మేనేజర్ చివరికి. “ఇంట్లోనే రాసే మనిషుండగా… రక్తసంబంధం. అన్నగారి మనసు తమ్ముడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలుస్తుందా?”

ఆమె మరిది మొహం చూసింది. అతను నేల మీద పలకలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

“ఎప్పుడు ఒప్పుకున్నావు?”

“అది కాదు వదినా…”

“సంతాప సభకి ముందా, తర్వాతా?”

“అలా మాట్లాడతావేంటి! నేనేమన్నా శవం మీద…” అని ఆగాడు. గొంతు తగ్గించాడు. “తర్వాతే. వాళ్ళే పిలిచారు. నేను కాకపోతే ఇంకెవడో రాస్తాడు. వాడికి అన్నయ్యెవరో కూడా తెలీదు. నేనైతే కనీసం… అన్నయ్య రాసింది రాసినట్టు ఉంచడానికి చూస్తాను కదా.”

“చివరి సీను?”



కథలో, ఇల్లు వదిలి పోయిన తండ్రి ముసలితనంలో కూతురింటికి వస్తాడు. తలుపు తడతాడు. కూతురు లోపల నిలబడి వింటుంది. తలుపు తియ్యదు. అంతే, కథ అక్కడితో అయిపోతుంది. ఆయన రాసిన ఏ వెర్షన్‌లోనూ ఆ తలుపు తెరుచుకోలేదు. నిర్మాత ఎన్నిసార్లు అడిగినా తెరుచుకోలేదు. “ఆ పిల్ల చెయ్యి గడియ మీదికి పోవడం లేదండీ, నేనేం చెయ్యను,” అనేవాడు ఆయన.

“తలుపు తెరుస్తావు,” అంది ఆమె.

“జనం చూడాలి కదా వదినా. అంతసేపు కూర్చోబెట్టి, మొహాన తలుపేస్తే ఎవడొస్తాడు? తెరుచుకుంటుంది. తండ్రి కాళ్ళ మీద పడుతుంది.”

“కూతురు పడుతుందా? తండ్రి పడడా?”

“హీరోగారే తండ్రి వేషం వేస్తున్నారు మేడమ్,” అన్నాడు మేనేజర్ సహాయంగా. “ఆయన కాళ్ళ మీద పడరు.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. చిన్న నవ్వే, కానీ పోయినాయన వదిలి వెళ్ళిన నవ్వు అది. కామా చెవులు ఎర్రబడ్డాయి.

“నవ్వు వదినా, నవ్వు. నువ్వూ అన్నయ్యా కలిసి నవ్వారు ఇన్నాళ్ళూ. కామా, కామా అని. వీధిలో పిల్లలు కూడా పిలుస్తుంటే నేనూ పళ్ళికిలించాను. వయసంతా ఆయన వెనక ఫైళ్ళు మోశాను. తెర మీద నా పేరు ఒక్కసారన్నా పడిందా? ఎవరు లాక్ చేస్తే, అంటే ఆఖరి వెర్షన్ ఎవరిదైతే, వాళ్ళ పేరు పడుతుంది. అది మా రూలు, నేను పెట్టింది కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నన్ను ఫుల్‌స్టాప్ పెట్టనీ.”

ఆమె నవ్వు ఆగిపోయింది. ఈ మాటల్లో అబద్ధం లేదు. అదే ఆమెకు కోపం తెప్పించింది. ఇంత నిజమైన బాధ ఉన్న మనిషి, దాన్ని పట్టుకెళ్ళి ఇంత చవక బేరంలో పెట్టాడు.

“పెట్టు,” అంది ఆమె. “నీ కథకి నువ్వు పెట్టు. తెల్లకాగితం తీసుకో, నీది మొదలుపెట్టు, చివర ఎంత పెద్ద చుక్క కావాలంటే అంత పెద్ద చుక్క పెట్టుకో. నేనే మొదట చదువుతాను. ఆయన వాక్యం చివర నీ చుక్కేంటి?”

“నాలుగో భాగంలో నీకూ వాటా ఇస్తానని చెప్పాను వాళ్ళతో!”

“వాటా.” ఆమె ఆ మాటను పిల్లల దస్తూరీ పుస్తకంలో తప్పు అక్షరాన్ని చూసినట్టు చూసింది. “ఎంత మంచివాడివి మరిదిగారూ.”

మేనేజర్ గడియారం చూసుకున్నాడు. ఇంటి గొడవల్లో తలదూర్చడం తనకిష్టం లేదన్నట్టు గొంతు సవరించుకున్నాడు. “చూడండి మేడమ్. మీరు సంతకం పెట్టకపోతే మాకేమీ నష్టం లేదు. కొంచెం ఆలస్యం, అంతే. కథ లాక్ కాలేదు. లాక్ కానిదాన్ని మార్చుకునే హక్కు మాకెలాగూ ఉంది. మీ క్షేమం కోరి, పద్ధతిగా ఉంటుందని వచ్చాం. మా సార్ ఒక్కసారంటే ఒక్కసారి కూడా లాక్ అన్న మాట అనలేదు. ఎవరి దగ్గరా అనలేదు. కావాలంటే నేనెక్కడికైనా వచ్చి చెబుతాను.”

లోపలి గదిలో అత్తగారు వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

మైకు గరగర. దగ్గు. ముక్కు చీదడం. తర్వాత ఆ గొంతు, తడితడిగా, సాగదీసి:

“…ఎలాంటి మనిషండీ! ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు నా ఆఫీసుకొచ్చాడు. చివరి అక్షరం దాకా రాసి, స్క్రిప్టు లాక్ చేసి, నా చేతిలో పెట్టి మరీ వెళ్ళిపోయాడండీ మహానుభావుడు…”

ఆ పైన ఏడుపు.

మేనేజర్ చెయ్యి కప్పు వైపు పోతూ పోతూ మధ్యలో ఆగింది.

ఆమె పెన్ను మూత పెట్టింది. ఆ చిన్న టక్కుమన్న చప్పుడు కూడా అందరికీ వినబడింది. ఎన్ని వందలసార్లు ఆ గొంతు ఈ గోడల మధ్య ఇదే మాట అని ఉంటుంది! అంటుంటే తను గిన్నెలు తోమింది, బడి పేపర్లు దిద్దింది, మొక్కకు నీళ్ళు పోసింది. మాటలు నేర్పి బతికే మనిషి, మాట వినలేదు. బతికున్నవాడికి ఎంత అడిగినా దక్కని మాట, చచ్చిపోయాక పూలగుత్తితో పాటు నిర్మాత ఊరికే పడేశాడు. శోకం పండాలి కదా. ‘దగ్గర్లో పెట్టి వెళ్ళిపోయాడు’ అంటే సభలో ఎవరు ఏడుస్తారు?

“అత్తయ్యా,” అని ఆమె పిలిచింది. “అది ఇంకోసారి పెట్టండి.”

 అత్తగారు ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. “ఇన్నాళ్ళకా! ఇన్నాళ్ళకి అడగబుద్ధయిందా నీకు!” అంటూ వచ్చి సోఫాలో కూర్చుని, అందరికీ కనబడేలా ఫోన్ పైకి పట్టుకుంది.

నల్లకళ్ళద్దాలు. రుమాలు. “…చివరి అక్షరం దాకా రాసి, స్క్రిప్టు లాక్ చేసి…”

“చాలు అమ్మా, ఆపు,” అన్నాడు కామా.

“నువ్వాగరా, అసలు ఏడుపు ఇంకా ముందుంది.”

“అది… బాధలో అన్న మాటండీ,” అన్నాడు మేనేజర్.

“బాధలో అన్న మాట అబద్ధమవుతుందా?”

“అబద్ధమని కాదు. ఏదో ఆవేశంలో…”

“ఏడుపు నిజమైతే మాట నిజం. మాట నిజం కాదంటారా, అప్పుడు ఏడుపు సంగతి కూడా మీరే చెప్పాల్సొస్తుంది. సభలో అంతమంది ముందు. ఎక్కడికైనా వచ్చి చెబుతానన్నారు కదా.” ఆమె గొంతు పెంచలేదు. బడిలో కూడా ఆమె గొంతు పెంచదు. పెంచనప్పుడే పిల్లలు భయపడతారు. “నోటితో గానీ, రాతతో గానీ. ఆయన మాటంటే మాటేనని మీరే చెప్పారు. కథ లాక్ అయింది. లాక్ చేసింది మావారు. పేరు ఆయనది ఒక్కటే పడుతుంది. తలుపు మూసే ఉంటుంది.”

మేనేజర్ లేచాడు. లేచిన కుదుపుకి కుర్చీ ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ మూడో వెర్షన్ మీద నిలదొక్కుకుంది.

“ఒక ఫోన్ చేసుకొస్తాను,” అని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. ఆ తలుపు సరిగ్గా పడదు. అదీ కామా బాగు చేయిస్తానన్నదే.

“సార్… అవును సార్… లేదు, మీరే అన్నారు సార్, సభలో… నాకేం తెలుసు సార్, మీరు ఏడుస్తున్నారనుకున్నాను… మన ఛానెల్లోంచి తీయించేద్దాం… అందరి దగ్గరా ఎక్కడుంటుంది సార్, అంతసేపు ఎవరు చూస్తారు… లేదు, ఇక్కడ ముసలావిడ ఫోన్లో ఉంది. అదొక్కటే.”

ఆ మాటలు హాల్లోకి తేటగా వచ్చాయి. ఆమె విన్నది. కామా విన్నాడు. అత్తగారు ఫోన్ తెరను కొంగుతో తుడుచుకుంటోంది.

కామా నెమ్మదిగా వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, ఆ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వు.”

“ఎందుకురా?”

“అందులో చెత్తంతా నిండిపోయింది. శుభ్రం చేసిస్తాను. బాగా వినబడుతుంది.”

“నాకు బానే వినబడుతోందే.”

“ఇవ్వమ్మా.” అతను చెయ్యి చాపాడు. “నీకున్నది ఇప్పుడు నేనొక్కణ్ణే కదా. ఒక్కటడుగుతున్నాను.”

ఆమె చూస్తూ నిలబడింది. నోరు తెరిస్తే ఒక్క వాక్యంలో అయిపోతుంది. మీ చిన్నకొడుకు మీ పెద్దకొడుకు పేరు చెరపబోతున్నాడు అత్తయ్యా, అని. నిజమే, తప్పు లేని వాక్యం. కానీ ఆ వాక్యం విన్నాక ఈ ముసలావిడ ఇద్దరిలో ఒకణ్ణి పోగొట్టుకోవాలి. ఒకణ్ణి పోగొట్టుకుని ఇంకా కన్ను ఆరలేదు.

మరిది ఆమె వైపు చూశాడు. చెప్పొద్దన్న వేడికోలు ఉంది ఆ చూపులో. చెప్పదులే అన్న ధీమా కూడా ఉంది. ఆ ధీమాని చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

“అత్తయ్యా,” అంది చివరికి. “అది మీ ఫోన్. మీ ఇష్టం.”

అత్తగారు కొడుకుని చూసింది. కోడలిని చూసింది. బాల్కనీ తలుపు సందులోంచి కనబడుతున్న మేనేజర్ వీపుని చూసింది. ఫోన్‌ని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

“ఛార్జింగ్ లేదురా,” అంది.

అప్పుడే కొంగులోంచి ఫోన్ మోగింది.

కామా ఉలిక్కిపడ్డాడు. ఆవిడ తాపీగా మడతలు విప్పి, తెర మీద నంబరుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. పేరు లేదు. ఆవిడ నంబరు తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకడు లేడు. కోడలు ఎదురుగా నిలబడి ఉంది. ఆవిడ చూపు పక్కకి తిరిగి చిన్నకొడుకు మీద ఒక్క క్షణం ఆగింది.

“ఎత్తకమ్మా,” అన్నాడు అతను.

ఆవిడకి వినబడలేదు. ఎప్పట్లాగే గొంతు పెద్దది చేసి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

“అమ్మా… నేనమ్మా…” ఆ గొంతే. వీడియోలో ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడినుంచి అందుకున్నట్టు, అదే తడి, అదే సాగదీత. “ఎలా ఉన్నారమ్మా? మీవాడు గుర్తొస్తే చాలు, నాకు దుఃఖం…”

“నువ్వా నాయనా! నూరేళ్ళు ఆయుష్షు. ఇప్పుడే నిన్ను వింటున్నాం, అందరం.”

“అమ్మా, మీతో ఒక చిన్న విషయం…”

“విషయాలు తర్వాత. ముందు నాకొకటి చెయ్యి.” అత్తగారు ఫోన్‌ని నోటి దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. “నా కొడుకు లాక్ చేసి నీ చేతిలో పెట్టి వెళ్ళాడన్నావు చూడు. ఈ డబ్బాలో విని విని ఆ మాట అరిగిపోయింది. మా కోడలు కూడా ఇక్కడే ఉంది. ఒక్కసారి నీ నోటితో చెప్పు, అసలుది విందాం.”

అవతల ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

బాల్కనీ తలుపు తెరుచుకుంది. మేనేజర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. వంటింట్లో పంపు ఒక చుక్క రాల్చింది.

“ఏం నాయనా,” అంది అత్తగారు, “వినబడుతోందా?”